కిలో రాయి గది

ఎదురింటి టైలరమ్మ తన రెండు కళ్లతో చూసిందట. చూసిన సంగతి నేరుగా అతనికి చెప్పలేదు. నీళ్ల పంపు దగ్గర అతని తల్లి చెవిన వేసింది. తల్లి దాన్ని మధ్యాహ్నమంతా కడుపులో దాచుకుని, కొడుకు పని నుంచి వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేదాకా ఓపిక పట్టి, అప్పుడు మూట విప్పింది. అదైనా, "నేనన్నానా, ఆమె అన్నది" అని ముందొక కాపలా, వెనకొక కాపలా పెట్టి మరీ చెప్పింది.

తల్లికి కోడలు, అంటే అతని భార్య, పనిచేసేది కొలతల ప్రయోగశాలలో. అక్కడివాళ్లకి తెల్లకోట్లు కుట్టేది ఈ టైలరమ్మే. కొత్త కోట్లు ఇవ్వడానికి వెళితే అద్దాల గది బయట బల్ల మీద కూర్చోమన్నారట. లోపల కోడలూ, ఆమెతో పాటు పనిచేసే ఆ పొడుగాయనా, ఇద్దరే. తలుపు బిగించి ఉంది. ఒకే త్రాసు ముందు మోచేతికి మోచేయి తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. టైలరమ్మ ఉన్నంతసేపూ ఒక్క మాట లేదట, పెదవి కదిపింది లేదట. పోట్లాడుకున్నారేమో అనుకుందట మొదట. కానీ పోట్లాడుకున్నవాళ్లు అంత దగ్గరగా కూర్చోరు కదా.

"మాట్లాడుకుంటే ఏదో పనిమాట అనుకోవచ్చు వదినా. ఏమీ మాట్లాడుకోకుండా అంతసేపు కూర్చున్నారంటే, మాట్లాడుకోవాల్సినవన్నీ అయిపోయాయన్నమాట" అన్నదట టైలరమ్మ. ఆ అన్నది కూడా గొంతు తగ్గించి అన్నదట. తల్లి కూడా ఆ ముక్క దగ్గర గొంతు తగ్గించింది.

అతను నవ్వేశాడు. నవ్వింది పెదాలే.

"ఇంకోటి కూడా ఉందిరా" అని తల్లి రెండో మూట విప్పింది. వచ్చే నెల, ప్రయోగశాలలో తూకాలన్నిటికీ ప్రమాణమైన ఆ కిలో రాయిని దూరపు ఊళ్లో ఉన్న పెద్ద ప్రయోగశాలకి రైల్లో తీసుకెళ్లి అక్కడి రాళ్లతో సరిచూసుకుని రావాలి కదా. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ పని సవ్యంగా జరిగితే కిలో రాయి గది మొత్తం భార్య చేతికి వస్తుందని కూడా తెలుసు. గర్వంగా తను పనిచేసే యార్డంతా చెప్పుకున్నాడు. తెలియనిది ఒక్కటే. రాయిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదట. అందుకని ఇద్దరు వెళ్లాలి. ఒకరు నిద్రపోతే ఒకరు మేలుకుని రాయిని ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి.

"ఆ ఇద్దరూ ఎవరో వేరే చెప్పాలా" అంది తల్లి, అంట్లు సర్దుకుంటూ.

అతనూ తూకం మనిషే. ఊరి చివర పాత ఇనుము యార్డులో లారీల కాటా అతనిది. ఖాళీ బండి ఎక్కుతుంది, దిగుతుంది. లోడు బండి ఎక్కుతుంది, దిగుతుంది. రోజంతా డ్రైవర్ల మీద కేకలు. వెనక్కి పో, ముందుకి రా, బ్రేకు వెయ్యి, దిగు, నువ్వు కూడా బరువే. కాటా గదిలో కూర్చుంటే అతని నోరు ఇంజనుతో పోటీ పడేది. యార్డులో అందరూ అతన్ని వసపిట్ట అంటారు. ఇంట్లో కూడా అంతే. పంపులో నీళ్లు రాకపోయినా దాని మీద అరగంట చెప్పగలడు.

భార్యది అదే వృత్తి రెండో కొస. అతని కాటా మీద ఇటుక పెట్టినా తీసినా అంకె పట్టించుకోదు. ఆమె త్రాసుకి మనిషి ఊపిరే ఎక్కువ. ఊపిరి తగిలితే గాలి వెచ్చబడుతుంది, వెచ్చబడిన గాలి పైకి లేస్తుంది, ఆ లేచే గాలి రాయిని ఇంత పైకి నెడుతుంది. ఆ ఇంతని ఆమె త్రాసు పట్టేస్తుంది. రాయంటే రాయి కాదు, అద్దంలా మెరిసే ఉక్కు ముద్ద. పైన ఒక గాజు గుమ్మటం, దాని పైన ఇంకో గాజు గుమ్మటం. చేత్తో ముట్టరు. వేలిముద్ర పడితే ఆ జిడ్డు కూడా కిలోలో చేరుతుంది. తోలు తొడిగిన పటకారుతో ఎత్తుతారు, దించుతారు, ఊపిరి బిగబట్టి చూస్తారు. అందుకే ఆ గదిలో ఎవరూ మాట్లాడరు.

ఇదంతా అతనికి పెళ్లయిన కొత్తలోనే తెలుసు. ఆమె అతని మేనమామ కూతురు. బావా బావా అంటూ చిన్నప్పట్నుంచీ అతని మాటలు వింటూ పెరిగింది. అక్కడ మూసుకున్న నోరు ఇంటికొచ్చి తెరవవే అని అతను వేళాకోళం చేస్తే, నువ్వు సందు ఇస్తే కదా బావా అనేది. అప్పుడది సరదా మాట.

ఇప్పుడది రాత్రంతా చెవిలో జోరీగలా తిరిగింది. మాటలైతే అతని దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి. పొడుగాయన ఎన్ని మాట్లాడినా తను రెండింతలు మాట్లాడగలడు. కానీ మౌనంలో ఒక మనిషితో ఎలా పోటీ పడాలి?

పడి చూద్దామనుకున్నాడు. మర్నాడు భోజనాల దగ్గర నోరు విప్పకుండా కూర్చున్నాడు. ముద్ద మీద ముద్ద మింగాడు. భార్య చూస్తుందని, తన మౌనంలో కూడా ఏదో ఉందని గ్రహిస్తుందని ఆశ. తల్లి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమా అని అడిగింది. భార్య కాసేపు చూసి, "ఇవాళ ఇల్లు ఎంత హాయిగా ఉందో అత్తా" అని పేపరు తెరిచింది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోపంలో పంపు సంగతి మొదలుపెట్టి పడుకునేదాకా ఆపలేదు.

యార్డు కాటాని సరిచూసే ఇనుప రాళ్లు కొన్ని ఉంటాయి. పిడి ఉన్న పెట్టెల్లా ఉంటాయి, ఒక్కోటి ఎత్తాలంటే నడుం పట్టేస్తుంది. ఏడాదికోసారి వాటిని ఆ ప్రయోగశాలకే పంపి ముద్ర వేయించుకోవాలి. ఎప్పుడూ డ్రైవరు పడేసి వచ్చేవాడు. ఈసారి తనే తీసుకెళతానన్నాడు. యజమాని ఆశ్చర్యపోయాడు గానీ వద్దనలేదు.

వెళ్లేసరికి ముందు హాల్లో కాలేజీ పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో పొడుగాయన. తాటిచెట్టు పొడవు మనిషి, మెడ కాస్త ముందుకి వంచి, మెల్లగా, ఒక్కో మాటా పటకారుతో ఎత్తి పెడుతున్నట్టు చెబుతున్నాడు. బరువు వేరు, ద్రవ్యరాశి వేరు అంటున్నాడు. బరువంటే భూమి మనల్ని లాగే లాగుడు. కొండెక్కితే ఆ లాగుడు వెంట్రుకవాసి తగ్గుతుంది. చంద్రుడి మీద బాగా తగ్గుతుంది. ద్రవ్యరాశి మాత్రం ఎక్కడికి పోయినా వస్తువుతోనే ఉంటుంది. దాన్ని చూడాలంటే ఏం చేయాలి?

"పాత ఇనుము యార్డుకి పొండి" అన్నాడు పొడుగాయన. "క్రేను గొలుసుకి బేలు, అంటే తుక్కునంతా నొక్కి చేసిన ఇనుప దిమ్మ, ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని బరువంతా గొలుసు మోస్తోంది. మీ చేతుల మీద ఏమీ లేదు. అయినా తోసి చూడండి, కదలదు. ఎలాగో కదిలిందనుకోండి, ఆపి చూడండి. ఆగదు. గొలుసు బరువుని మోయగలదు గానీ ఈ మొండితనాన్ని మోయలేదు. ఆ మొండితనమే ద్రవ్యరాశి."

పిల్లలు తలలాడించారు. అతను గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

ఆ బేలు అతనిది. రెండేళ్ల కిందట ఊగుతూ వచ్చిన బేలుని రెండు చేతులతో ఆపబోయి గోడకీ దానికీ మధ్య పడ్డాడు. పక్కటెముకలు వాచిపోయాయి. ఇంట్లో బోర్లా పడుకుని మూలుగుతుంటే భార్య మందు రాస్తూ ఎలా జరిగిందో అడిగింది. గొలుసుకి వేలాడుతోంది కదా, తేలిగ్గానే ఉంటుందనుకున్నానే అన్నాడు. ఆమె రాయడం ఆపి, అతని వీపు మీద చెయ్యి అలాగే ఉంచి, అదే బావా ద్రవ్యరాశి అంటే, ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు అంది. ఆ నొప్పిలో కూడా అతనికి ఆ మాట పతకంలా అనిపించింది. ఆ మాట ఆ రోజుది, ఆ గదిది, తామిద్దరిది. ఇప్పుడది పొడుగాయన నోట్లో ఉంది. పక్కటెముకలు తనవి, పాఠం ఆయనది.

పిల్లలు వెళ్లాక పొడుగాయన అతన్ని చూసి దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. "మీ బేలు లేకపోతే నాకు పాఠమే లేదండీ. ఆవిడ చెప్పారు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే పుండు మీద కారం. వెటకారంగా అని ఉంటే చొక్కా పట్టుకోవచ్చు. ఇంత మంచిగా మాట్లాడే మనిషిని ఏం చేస్తాం.

ఆయన లోపలికి వెళ్లాడు. అద్దం అవతల భార్య త్రాసు ముందు కూర్చుని ఉంది, వీపు ఇటు. తలుపు చప్పుడు వినపడిందో లేదో, తిరగలేదు. కాసేపటికి కుడిచేతి చూపుడువేలు కొంచెం పైకెత్తింది. అంతే. పొడుగాయన పటకారు తీసి ఆ చేతిలో పెట్టాడు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కావాలంటే ఆమె రెండుసార్లు అడగాలి, అతను నాలుగు మాటలు అనాలి, అప్పటికి గ్లాసు కదులుతుంది. ఇక్కడ ఒక్క వేలు.

ఇనుప రాళ్లు దించి రసీదు తీసుకోవడం కూడా మర్చిపోయి వచ్చేశాడు.

ప్రయోగశాల వెనక ఒక సందు ఉంది. యార్డు నుంచి ఇనుము కరిగించే మిల్లుకి పోయే లారీలకి అది అడ్డదారి. ఆ సందు వైపు గోడకి బాగా ఎత్తులో ఒక కిటికీ ఉంది. నేల మీద నిలబడితే కిటికీ అడుగు కూడా అందదు. లారీ క్యాబిన్లో కూర్చుంటే మాత్రం కళ్లు సరిగ్గా ఆ ఎత్తుకి వస్తాయి. కిటికీలోంచి ముందు గది, ముందు గది అద్దంలోంచి లోపలి గది, లోపలి గదిలో రెండు తెల్లకోట్ల వీపులు.

కాటా సీటు రాకముందు అతను డ్రైవరే. మధ్యాహ్నం మిల్లుకి పోయే లోడు డ్రైవరు చేతిలోంచి తాళాలు తీసుకుని, నువ్వు తీరిగ్గా భోంచెయ్యరా, ఇవాళ నేను పోతాను అన్నాడు. డ్రైవరు తన పుణ్యం పండిందనుకున్నాడు. సందులోకి వచ్చి, గోడని రాసుకునేంత దగ్గరగా బండి పెట్టి, ఇంజను ఆపి చూశాడు. ఇద్దరూ ఉన్నారు. అలాగే కూర్చుని ఉన్నారు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడాన్ని గుడ్లప్పగించి చూసి, మిల్లుకి పోయి, మళ్లీ కాటాకి వచ్చాడు. వచ్చాక స్థిమితం లేదు. తను వచ్చేశాక ఏమైనా జరిగిందేమో.

మర్నాడు మళ్లీ పోయాడు. ఆ మర్నాడూ పోయాడు.

అదే వారంలో భార్య ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. అంకెలు సరిగ్గా రావడం లేదంది. పొద్దున బాగానే ఉంటాయి, మధ్యాహ్నానికి ఎటో పోతాయి, మళ్లీ మొదట్నుంచి చేయాలి, అందుకే కూర్చుంటున్నాం అంది. కూర్చుంటున్నాం అన్న మాటలో ఆ రెండో మనిషి అతనికి గుచ్చుకున్నాడు. ఆమె ఎంత ఆలస్యంగా వస్తే అతను మర్నాడు సందులో అంత ఎక్కువసేపు బండి ఆపాడు. ఎంత ఎక్కువసేపు ఆపితే ఆమె అంత ఆలస్యంగా వచ్చింది. తల్లి గుమ్మంలో నిలబడి గడియారం వైపూ కొడుకు వైపూ మార్చి మార్చి చూసేది. టైలరమ్మ తన కిటికీలోంచి ముగ్గుర్నీ చూసేది.

ఒకరోజు సందులోంచి చూస్తుండగా, లోపల పొడుగాయన తల అడ్డంగా ఊపి ఆమె భుజం తట్టాడు. ఓదార్పుగా, పెద్దన్న తట్టినట్టు, ఒకే ఒక్కసారి. అతను స్టీరింగు మీద గుద్దితే అరచెయ్యి కమిలింది. సాయంత్రం ఆమె ఆ కమిలిన చెయ్యి చూసి ఏమైందంటే బేలు అన్నాడు.

తర్వాతి వారం మధ్యలో ఒకరోజు ఆమె పెందలాడే, ముఖం పీక్కుపోయి వచ్చింది. డైరెక్టరు గడువు పెట్టాడట. వారాంతానికి శుభ్రమైన అంకెలు రాకపోతే ఈ ఏడాదికి రాయి కదలదు. ఆ గది కూడా ఇంకొకరికి ఇస్తారు. ఆ ఇంకొకరు ఎవరో కూడా ఆమెకి తెలుసు, డైరెక్టరు వెనకాల సంచి మోసే మనిషి, రాయిని చేత్తో ముట్టుకుని నాలుక కరుచుకున్న మనిషి.

పెరటి మెట్ల మీద కూర్చుని ఇద్దరూ టీ తాగుతున్నారు. ఎండ ఇంకా గోడ మీద ఉంది. ఆమె టీలో వేలు ముంచి మెట్టు మీద గీత గీసింది. గీత తిన్నగా పోయి, ఒక చోట మెట్టు దిగినట్టు దిగి, కిందనే తిన్నగా పోయి, మళ్లీ మెట్టెక్కింది.

"ఇదిగో, రోజంతా అంకెల గీత ఇలా వస్తోంది. వెచ్చదనమైతే మెల్లగా జారాలి. చుట్టుపక్కల ఏదైనా అదిరితే గీత వణకాలి. ఇది వణుకు కాదు బావా, ఒరుగు. నేలే ఒకవైపు ఒరుగుతోంది. ఏదో బాగా బరువైనది మధ్యాహ్నం వచ్చి, గోడపక్కన కాసేపు కూర్చుని, లేచిపోతోంది."

అతని చేతిలో కప్పు ఆగింది.

ఆమె చూడలేదు. గీతనే చూస్తోంది. "ఆయన లారీ అంటున్నాడు. నాకు నమ్మకం లేదు. రోడ్డు ఎక్కడో ఉంది, వెనక ఉన్నది పనికిరాని సందు. అయినా నిన్ను అడుగుదామనుకున్నాను. నీ కాటా దగ్గర లోడు బండి పక్కకి వచ్చి ఆగితే అంకె కదులుతుందా?"

కదులుతుంది. ఎందుకు కదలదు. కాటాకి ముందు నేల మీద పసుపుపచ్చ గీత గీసింది అతనే. వరసలో నిలబడిన లోడు బండి మూతి ఆ గీత దాటిందంటే, కాటా మీదున్న బండి అంకె ఒకవైపుకి పాకేది. గీత దాటకురా నాయనా, నేల వంగుతుంది అని రోజూ అరిచేది అతనే. కొత్త డ్రైవర్లు నవ్వేవాళ్లు.

పుట్టి బుద్ధెరిగాక అతను మొదటిసారి ఆలోచించి మాట్లాడాడు. కదులుతుంది అంటే రేపే అంకెలు సర్దుకుంటాయి, రాయి బయల్దేరుతుంది, రాయితో ఆ ఇద్దరూ బయల్దేరతారు, ఒకరు పడుకుంటే ఒకరు మేలుకుని ఉంటారు. ఆ లారీ ఎవరిది, ఎందుకు ఆగింది అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. కదలదు అంటే ఏదీ ఉండదు. రైలూ ఉండదు. ఆమె కొన్నాళ్లు బాధపడుతుంది, తను పక్కన కూర్చుని ఓదారుస్తాడు. ఆ భుజం తను తడతాడు.

"ఏం కదలదు" అన్నాడు.

ఎంత చిన్న మాట. అతని నోట్లోంచి అంత పొట్టి జవాబు ఆమె ఎప్పుడూ వినలేదు. ఇంకొకరైతే అక్కడే అనుమానపడేవాళ్లు. ఆమె మాత్రం తల ఊపి, "సరే అయితే, లారీ కాదు. ఆయనకి చెబుతాను, మా బావ రోజూ కాటా మీద చూస్తాడు అని" అంది. అని మెట్టు మీద టీ గీతని అరచేత్తో తుడిచేసింది.



పొద్దున లేచాక ఇక సందులోకి పోకూడదనుకున్నాడు. కాటా గదిలో కూర్చుని గట్టిగా అనుకున్నాడు. అనుకున్న కొద్దీ ఇంకో ఆలోచన దూరింది. ఇవాళ బండి ఆగకపోతే గీత తిన్నగా వస్తుంది. తిన్నగా వస్తే అంకెలు సరే అంటారు, ప్రయాణం ఖాయం. తన అబద్ధం తనే వమ్ము చేసుకున్నట్టవుతుంది. ఇంకో ఆలోచన: ఇదే ఆఖరు, ఈ ఒక్కరోజు చూసి మానేస్తాను. మూడో ఆలోచనకి పేరు లేదు. మధ్యాహ్నానికి అతని చెయ్యి డ్రైవరు ముందు చాచి ఉంది, తాళాలు అందులో పడ్డాయి.

ఆ రోజు లోడు కూడా పెద్దది. నొక్కిన బేళ్లు, పైకంటా. సందులో ఎప్పటి చోటే గోడపక్కన ఆపి ఇంజను తీసేశాడు. తలెత్తి చూశాడు.

లోపల ఒకే వీపు ఉంది. భార్యది. రెండోది లేదు.

సంతోషించే లోపే క్యాబిన్ తలుపు మీద ఎవరో వేళ్లతో తట్టారు. కింద పొడుగాయన. ఆ మనిషి పెద్దగా తలెత్తాల్సిన అవసరం కూడా రాలేదు.

"మీరా అండీ" అన్నాడు పొడుగాయన. ముఖంలో కోపం లేదు, తప్పిపోయిన వస్తువు దొరికిన ముఖం. బండి ఎంతసేపైంది వచ్చి అని అడిగాడు. ఇప్పుడే అన్నాడు అతను. రోజూ ఈ దారినే వస్తారా అని అడిగాడు. అప్పుడప్పుడూ, కాసేపు నీడకి ఆపుతాను అన్నాడు. ఆ సందులో నీడ లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ ఇద్దరి నెత్తి మీదా ఉంది. పొడుగాయన దాన్ని పట్టించుకోలేదు. లారీ చక్రాల కింద నేలని, ఆ నేలని ఆనుకున్న గోడని, గోడ అవతల త్రాసు ఉండే చోటుని కళ్లతోనే కొలుచుకుంటున్నాడు.

"ఒక్క సాయం చేయండి. బండిని ఆ మలుపు దాకా పోనిచ్చి, కాసేపాగి, మళ్లీ తెచ్చి ఇక్కడే పెట్టండి."

ఏమని కాదంటాడు? ఇంజను వేశాడు. మలుపు దాకా పోనిచ్చాడు. అక్కడ్నుంచి అటే మిల్లుకి పోవచ్చు, రోడ్డు ఖాళీగా ఉంది, ఎవరూ పట్టుకోరు. కాలు ఎక్సిలేటరు మీదే ఉంది. బండి అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా వెనక్కి వచ్చి అదే చోట ఆగాడు. కిటికీ లోపల, త్రాసు దగ్గర్నుంచి తెల్ల చేతితొడుగు వేసుకున్న భార్య చెయ్యి పైకి లేచి, అంకె దిగిందన్నట్టు కిందకి దిగింది. పొడుగాయన మళ్లీ పొమ్మన్నాడు. మళ్లీ పోయాడు. చెయ్యి పైకి లేచింది. మళ్లీ వచ్చాడు. చెయ్యి దిగింది.

ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. డైరెక్టరు కోటు గుండీలు పెట్టుకోకుండానే పక్క గేటులోంచి సందులోకి వచ్చేశాడు. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు. వాళ్లతో పాటు సంచి మోసే మనిషి, ముఖం వేలాడేసుకుని. పొడుగాయన వంగి చేతులతో చూపిస్తున్నాడు, ఇంత లోడు ఇక్కడ, నేల ఇటు ఒరిగింది, త్రాసు కాళ్లు అటు, గీత మెట్టు దిగింది. డైరెక్టరు వింటూ లారీ టైరుని ఆప్యాయంగా తట్టాడు. మధ్యాహ్నం అంకెలన్నీ తీసేద్దాం, మిగతావి బ్రహ్మాండంగా ఉన్నాయి, రాయి బయల్దేరుతుంది, గది విషయంలో ఇక రెండో మాట లేదు అన్నాడు. సందు మొదట్లో బోర్డు కూడా పెట్టిద్దాం అన్నాడు.

అతను క్యాబిన్లోంచి దిగాడు. దిగక తప్పలేదు, అందరూ తలలెత్తి మాట్లాడుతున్నారు. దిగీ దిగగానే డైరెక్టరు అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ ప్రాణాలు తోడేసిన దొంగ మా అమ్మాయి ఇంట్లోనే ఉన్నాడన్నమాట" అని నవ్వాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "మీరు ఇవాళ రాకపోయి ఉంటే మేం పట్టుకునేవాళ్లం కాదు. పెద్ద సాయం చేశారు."

"దాందేముంది సార్" అన్నాడు అతను.

పక్క గేటు చప్పుడైంది. భార్య వచ్చింది. తెల్లకోటు, చేతులకి ఇంకా తొడుగులు. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. ముందు లారీని చూసింది. తర్వాత తెరిచి ఉన్న క్యాబిన్ తలుపుని, లోపలి సీటుని చూసింది. ఆ సీటు ఎత్తు నుంచి ఆమె చూపు తిన్నగా గోడ మీదకి పోయి, కిటికీ దగ్గర ఆగింది. అక్కడ కాసేపు ఉంది. తర్వాత కుడిచేతి తొడుగు ఒక్కో వేలూ లాగి తీయడం మొదలుపెట్టింది.

డైరెక్టరు ఇంకా హుషారులోనే ఉన్నాడు. లారీల కాటా మీద ఉంటారు కదా మీరు, లోడు బండి పక్కన ఆగితే నేల ఒరుగుతుందని ఎప్పుడూ అనిపించలేదా అని అడిగాడు. ఊరికే, కుశలప్రశ్నలా అడిగాడు.

"మావి టన్నుల లెక్కలు సార్" అన్నాడు అతను. మాటలు వాటంతటవే వస్తున్నాయి, అలవాటైన నోరు. "మా కాటా మీద ఏనుగు ఎక్కి దిగినా తెలీదు. ఇంత సన్న సంగతులు మాకెక్కడ తెలుస్తాయి. తెలిస్తే ఇక్కడ ఆపుతానా?"

"నిజమే సార్, ఆయనకెలా తెలుస్తుంది" అన్నాడు పొడుగాయన, అతని భుజం తట్టి.

ఆమె రెండో తొడుగు కూడా తీసి, రెండూ కలిపి మడిచి కోటు జేబులో పెట్టుకుంది. డైరెక్టరు వైపు తిరిగింది.

"లోడు బండి పక్కన ఆగితే అంకె కదులుతుందా అని నిన్న సాయంత్రం నేను అడిగాను సార్. కదలదన్నాడు."